అమ్మ లాగిన తాడు, నాన్న కొన్న మోటారు

మా ఇంట్లో కర్రని తిప్పి చెక్కే లేతు మిషన్‌కి మోటారు రాకముందు ఆ పని మా అమ్మ చేసేది.

లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాకలో పుట్టి పెరిగినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. రెండు గుంజల మధ్య ఒక ఇరుసు, దాని చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పిన తాడు. ఆ తాడు రెండు కొసలూ పట్టుకుని ఒకరు కుడిచేత్తో ఒకసారి, ఎడంచేత్తో ఒకసారి లాగుతూ కూర్చోవాలి. ఇరుసు ముందుకి తిరుగుతుంది, మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. ఉలి పట్టుకున్న మనిషి కర్ర తనవైపు తిరిగినప్పుడే ఉలి ఆనించాలి, అది వెనక్కి మళ్ళగానే ఎత్తెయ్యాలి. లాగినదాంట్లో సగం కోతకే పనికిరాదు. ఉలి నాన్నది, తాడు అమ్మది. ఒక లక్కపిడతల సెట్టు పూర్తయ్యేసరికి అమ్మ ఎన్నిసార్లు లాగేదో ఎవరూ లెక్కపెట్టలేదు. రాత్రి అన్నం కలిపేటప్పుడు ఆవిడ వేళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు. ముద్ద జారిపోయేది. నాకు ఐదారేళ్ళు ఉంటాయి, అయినా ఆ జారిపోయే ముద్ద బాగా గుర్తు.

1978లో నాన్న ఎలమంచిలిలో చిన్న షెడ్డు అద్దెకి తీసుకున్నాడు. బొమ్మలతో పాటు మంచం కోళ్ళు, ఉయ్యాల గుంజలు, మెట్ల కటకటాలు కూడా పట్టాలని ఆలోచన. వాటికి తాడు చాలదు. ఇరుసుని పట్టి ఉంచే పోత ఇనుము హెడ్‌స్టాకు, కర్ర రెండో కొసని ఆనించే టెయిల్‌స్టాకు ఎవరో మిల్లు మూసేస్తుంటే పాతవి కొన్నాడు. వాటిని రెండు సీ ఆకారపు ఇనుప ఛానళ్ళ మీద బోల్టులతో బిగించాడు. మోటారు మాత్రం కొత్తది కొన్నాడు. ఒక హెచ్.పి., త్రీఫేజ్. అందరూ 'నాలుగొందల నలభై కరెంటు' అనేవాళ్ళు. షెడ్డులో మీటరు బిగించిన రోజు నాన్న మొట్టమొదట ఆకుపచ్చ బటన్ నొక్కించింది అమ్మ చేతే. కర్ర ఒకే వైపు ఆగకుండా తిరుగుతుంటే అమ్మ చాలాసేపు చూసి, 'ఇది వెనక్కి రాదా?' అని అడిగింది. రాదని చెప్పాడు నాన్న. ఆ రోజు నుంచి ఆరేళ్ళు ఆవిడ తాడు పట్టుకోలేదు. లక్క వెయ్యడం, మొగలాకుతో మెరుగు పెట్టడం ఆవిడ పనులయ్యాయి.

ఇంత వెనక్కి వెళ్ళి ఎందుకు చెబుతున్నానంటే, మొన్న ఈ మిషన్ బాగుచేయించేటప్పుడు ప్రతి ఒక్కరూ నాకు ఒకే సలహా ఇచ్చారు. 'ఆ పాత మోటారు తీసి పక్కన పడెయ్యండి, ఇంటి కరెంటుకి సరిపోయే సింగిల్ ఫేజ్ మోటారు పెట్టుకోండి, ఒక్క పూట పని.' నిజమే, ఒక్క పూట పని. కానీ అమ్మ చేతుల్లోంచి తాడు తీసుకున్నది ఆ మోటారు. దాన్ని పక్కన పడేసి ఇంకేం బాగుచేసినా నాకు మిషన్ బాగుచేసినట్టు కాదు.

నాన్న 2006లో షెడ్డు ఖాళీ చేశాడు. 2009లో పోయాడు. మిషన్ మా పెద్దమ్మ వాళ్ళ పశువులశాలలో ఒక మూల, టార్పాలిన్ కింద ఉండిపోయింది. నేను ఉద్యోగం మీద విశాఖపట్నంలో స్థిరపడ్డాను. ఇంటి కింద కారు షెడ్డు ఉంది గానీ కారు ఎప్పుడూ రోడ్డు మీదే ఉంటుంది. 2025 జనవరి 26న ఢిల్లీ కవాతులో మన రాష్ట్రం శకటం ఏటికొప్పాక బొమ్మలతో వచ్చింది. అమ్మ టీవీకి దగ్గరగా కుర్చీ జరుపుకుని చూసింది. శకటం దాటిపోయాక కూడా అలాగే కూర్చుని, 'మన మిషను ఎలాగుందో నాన్నా, ఓసారి చూసొస్తావేటి?' అంది. పదహారేళ్ళలో ఆవిడ ఆ మాట అడగడం అదే మొదటిసారి.

ఆ ఆదివారమే వెళ్ళాను. టార్పాలిన్ తియ్యగానే లక్క వాసన వస్తుందనుకున్నాను. రాలేదు, పేడ వాసనే వచ్చింది. ఛానళ్ళ మీద తుప్పు పొరలు పొరలుగా లేచింది. ఇరుసు చేత్తో తిప్పితే కదల్లేదు. పుల్లీ మీద బెల్టు తీస్తే, ఇన్నేళ్ళూ ఒకే చోట వంగి ఉండి గుర్రపు నాడా ఆకారంలోనే బిగుసుకుపోయి ఉంది. చిన్న వ్యానులో విశాఖ తెచ్చి షెడ్డులో దించేసరికి నలుగురం తడిసిపోయాం.

తుప్పు సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. కిరసనాయిలు, డీజిలు, వైరు బ్రష్షు, ఎమెరీ గుడ్డ, మూడు ఆదివారాలు. అందరికీ తెలిసిన పనే. లక్క సంగతి మాత్రం చెప్పాలి. హెడ్‌స్టాకు ముందు భాగమంతా ఒక గట్టి పెంకు కట్టి ఉంది. కిరసనాయిలు పోస్తే దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. రెండు రోజులు గోకాక గుర్తొచ్చింది, లక్క కిరసనాయిలుకి కరగదు, స్పిరిట్‌కి కరుగుతుంది. చిన్నప్పుడు ఆ సీసా ఎత్తు మీద పెట్టేవారు మాకు అందకుండా. స్పిరిట్‌లో ముంచిన గుడ్డ ఆనించి పది నిమిషాలు వదిలితే పైన ఎరుపు వచ్చింది. ఆ తర్వాత ఆకుపచ్చ. దాని కింద పసుపు. దాని కింద మళ్ళీ ఎరుపు. తిరిగే కర్రకి లక్క పుల్ల ఒత్తినప్పుడు రాపిడి వేడికి కరిగిన లక్క సన్నటి తుంపరగా ఎగిరి ఇనుము మీద పడేది. అవి ఇరవై ఎనిమిదేళ్ళ తుంపరలు. పైన ఉన్నవి బజారు రంగులు. అడుగున ఉన్నవి ఏమిటో నేను చెప్పలేకపోయాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, 'ఇది పసుపు కొమ్ముదిరా, ఇది జాఫరా గింజలది' అంది. మధ్యలో అందరూ వదిలేసిన చెట్ల రంగుల్ని మా ఊరికి మళ్ళీ తెచ్చింది సి.వి. రాజుగారు. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో మా బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవన్నీ నాకు పేపర్లో చదివిన విషయాలు. గుడ్డకి అంటిన ఆ అడుగు పొర చూసినప్పుడే అవి మా ఇంటి విషయాలని తెలిసింది. ఒక చిన్న చోట ఆ పొరల్ని అలాగే వదిలేశాను, గోకలేదు.

ఇరుసు తిరిగేది గన్‌మెటల్ బుష్షుల్లో. వాటి మీద నూనె కప్పులు ఉంటాయి, లోపల ఒత్తి. ఒత్తులు రాయిలా అయిపోయాయి. వాటిని లాగేసి, కిరసనాయిలు నింపి, ఒక రాత్రి వదిలేస్తే తెల్లారి ఇరుసు వేలితో తోస్తే తిరిగింది. బుష్షులు అరిగాయేమోనని భయపడ్డాను. లేదు. నాన్న రోజూ పొద్దున్న దేవుడికి దీపం పెట్టినట్టే ఈ కప్పుల్లో నూనె పోసేవాడు. అది వృథా పోలేదు.

ఇక మోటారు. నా జీవితంలో దీని ముందు తల వంచుకోవాల్సిన రోజు ఒకటి ఉంది.

1984లో నాకు పధ్నాలుగేళ్ళు. వేసవి సెలవులు. నాన్న కలప చూడ్డానికి వెళ్తూ, 'మంచం కోళ్ళు నాలుగూ గుండ్రం చేసి ఉంచు' అని నాకు అప్పగించాడు. మధ్యాహ్నం లైన్లో ఒక ఫేజు పోయింది. తిరుగుతున్న త్రీఫేజ్ మోటారు ఒక ఫేజు పోయినంత మాత్రాన ఆగదు. మిగిలిన రెండింటి మీదే లాక్కుంటూ తిరుగుతుంది, గొంతు మాత్రం మారుతుంది. నాన్న ఆ గొంతు పక్క షాపులో టీ తాగుతూ కూడా గుర్తుపట్టేవాడు. గ్లాసు అక్కడే పెట్టి పరిగెత్తుకొచ్చి ఎర్ర బటన్ నొక్కేవాడు. ఆ బటన్లున్న స్టార్టర్ పెట్టెలో, కరెంటు మితిమీరితే మోటారుని ఆపే ఓవర్‌లోడ్ రిలే ఉంది గానీ, ఊరికే పడిపోతోందని దాని సెట్టింగు అప్పటికే పైకి తిప్పేసి ఉంది. నేను గొంతు విన్నాను. లావు కర్ర కదా, మూలుగుతోందనుకున్నాను. ఉలి ఇంకా గట్టిగా అదిమాను. వార్నిష్ కాలిన వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు.

సాయంత్రం నాన్న వచ్చి మోటారు మీద చెయ్యి పెట్టి చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. లోపలి తీగ చుట్టలు, అదే వైండింగ్, మళ్ళీ చుట్టించడానికి పది రోజులు పట్టింది. మంచం కోళ్ళ ఆర్డరు పోకూడదు కదా. షెడ్డు వెనకాల రెండు గుంజలు పాతి, తాడు చుట్టి, అమ్మని పిలిచాడు. ఆ పది రోజులూ అమ్మ తాడు లాగింది. నేను లాగుతానంటే, 'నీకు ఒకే జోరు రాదురా, ఉలి ఎగిరిపోద్ది' అని లాగనివ్వలేదు. నన్ను కొట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి.

అందుకే ఈ మోటారు విషయంలో తొందరపడకూడదనుకున్నాను. తొందరపడ్డాను కూడా. మా వీధిలో తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకతను, 'పొలాల్లో రెండు ఫేజుల మీద బోరు మోటార్లు నడపట్లేదా, ఒక కండెన్సర్ పెడితే అదే తిరుగుద్ది' అన్నాడు. మూడు తీగల్లో రెండింటికి ఇంటి కరెంటు ఇచ్చి, మూడోదానికి కండెన్సర్ మీదుగా ఇచ్చాడు. మోటారు ఊఁ అని మూలిగింది గానీ తిరగలేదు. చేత్తో పుల్లీ తోస్తే తిరిగింది. ఉలి ఆనించగానే కూలబడింది. నాకు 1984 నాటి గొంతు వినిపించింది. ఈసారి ఆగలేదు, వెంటనే తీగ పీకేశాను.

తప్పు ఆ కుర్రాడిది కాదు. మోటారు కట్టిన తీరు అది. ప్లేటు మీద 415 వోల్టులు, 1.9 ఆంపియర్లు, 1410 ఆర్.పి.ఎం. అని ఉంది. లోపల మూడు చుట్టలుంటాయి. మూడింటి చివర్లూ ఒకే చోట ముడేసి, మిగిలిన మూడు కొసలు బయటికి తెస్తే అది స్టార్. 415 ఇచ్చినప్పుడు ఒక్కో చుట్టకి వచ్చేది 240 మాత్రమే. అదే స్టార్‌కి ఇంటి 230 ఇస్తే ఒక్కో చుట్టకి దక్కేది 133. వోల్టేజీ అలా తగ్గితే మోటారు బలం మూడో వంతుకి పడిపోతుంది, మూలగక ఏం చేస్తుంది? అదే ఆ మూడు చుట్టల్నీ ఒకదాని తోక ఇంకోదాని తలకి కలిపి డెల్టా చేస్తే, ప్రతి చుట్టకీ 230 నేరుగా అందుతుంది. ఆ చుట్టలకి కావాల్సింది కూడా దాదాపు అంతే. ఇంటి కరెంటు మీద ఈ మోటారుకి అదే దారి.

అయితే డెల్టా చెయ్యాలంటే ఆరు కొసలు బయట ఉండాలి. మా మోటారు టెర్మినల్ పెట్టె విప్పితే మూడే ఉన్నాయి. ముడి లోపల ఎక్కడో వైండింగ్ కింద ఉంది.

వెతికి వెతికి పట్టణంలో ఒక పాత వైండింగ్ మేస్త్రిగారిని పట్టుకున్నాను. డెబ్బై దాటాయి ఆయనకి. మోటారు చూసి, ముందు ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మెగ్గర్ పెట్టారు. వైండింగ్‌కీ బాడీకీ మధ్య ఒక మెగోమ్ కూడా చూపించలేదు. నా గుండె జారిపోయింది. 'తేమ బాబూ, పశువులశాలలో పడుకుందిగా' అని, లోపల తిరిగే రోటరు బయటికి తీసి, వైండింగ్ ఉన్న స్టేటరు మధ్యలో వంద వాట్ల బల్బు వేలాడదీసి, గోనెసంచి కప్పి, మూడు రోజుల తర్వాత రమ్మన్నారు. మూడు రోజులకి ముల్లు యాభై మెగోమ్‌ల పైకి వచ్చింది.

అప్పుడు ముడి వెతకడం మొదలుపెట్టారు. వైండింగ్ చివర కట్టిన దారాన్ని బ్లేడుతో ఒక్కో ముడీ కోస్తూ, వెదురు పుల్లతో తీగల్ని సుతారంగా పక్కకి జరుపుతూ వెళ్ళారు. తీగ మీద ఎనామిల్ గీసుకుపోతే అంతే సంగతులు. నేను ఊపిరి బిగబట్టి పక్కన నిలబడ్డాను. గంట పైన పట్టింది. పసుపు పచ్చ స్లీవు కింద మూడు తీగలు కలిసిన చోటు దొరికింది. 'ఎవరు చుట్టారో గానీ చెయ్యి మంచిది' అన్నారాయన. 1984లో నా వల్ల చుట్టించిన వైండింగ్ అది. నలభై ఏళ్ళు నిలబడిన ఆ ముడిని విప్పి, మూడు కొత్త తీగలు టంకం వేసి, స్లీవులు తొడిగి, వార్నిష్ పోసి ఆరబెట్టారు. ఆయన అడిగిన డబ్బు నేను అనుకున్నదాంట్లో సగం కూడా లేదు.

ఇంటి సింగిల్ ఫేజ్‌ని మూడు ఫేజులు చేసేది వీ.ఎఫ్.డీ. షాపుల్లో డ్రైవ్ అంటే ఇస్తారు. వచ్చిన కరెంటుని ముందు డీసీగా మార్చి, దాన్నే చాలా వేగంగా తెగ్గొట్టి మూడు ఫేజులుగా మోటారుకి పంపుతుంది. మామూలు డ్రైవ్ 230 ఇస్తే 230 లోపే ఇస్తుంది, 415 చెయ్యదు. అందుకే ముందు డెల్టా కట్టించుకోవాలి. డెల్టాలో మోటారు తీసుకునే కరెంటు 1.9 నుంచి సుమారు 3.3 ఆంపియర్లకి పెరుగుతుంది, డ్రైవ్ ఆ లెక్క మీద కొనాలి. నేను కాస్త ఎక్కువే ఉండనీ అని రెండు హెచ్.పి.ది కొన్నాను. దానికి విడిగా 16 ఆంపియర్ల పాయింటు, మంచి ఎర్తింగ్ పెట్టించాను. ఆపిన వెంటనే దాని మూత తియ్యకూడదు, లోపలి కెపాసిటర్లలో ఇంకా ప్రాణం ఉంటుంది. ఇంకో మంచి సంగతి, బయటికి వెళ్ళే ఫేజుల్లో ఒకటి తెగితే అది తనంతట తానే ఆగిపోతుంది. కాగితాల్లో ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను.

ఒక చిక్కు వచ్చింది. డ్రైవ్‌కీ మోటారుకీ మధ్యలో స్టార్టర్ ఉండకూడదు. నడుస్తుండగా మధ్యలో తెగితే డ్రైవ్ పాడవ్వొచ్చు. నాన్న స్టార్టర్ ఏం చెయ్యాలి? ఆకుపచ్చ బటన్ మీద మధ్యలో రంగు పోయి గుంట పడి ఉంది, అది ఆయన బొటనవేలు. రెండు రోజులు ఆలోచించాను. చివరికి లోపలి కాయిలు, కాంటాక్టులు, రిలే తీసి దాచి, బటన్లు రెండూ ఉంచి, వాటి నుంచి సన్నటి తీగలు డ్రైవ్ కంట్రోల్ టెర్మినళ్ళకి లాగాను. ఇప్పుడు ఆ పెట్టెలో పెద్ద కరెంటు లేదు. ఆకుపచ్చది నొక్కితే మిషన్ తిరుగుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. అదే గోడ, అదే ఎత్తు కాకపోయినా వేలు పెట్టే చోటు అదే.

కొత్త వీ బెల్టు తెచ్చి, రెండు పుల్లీల అంచులకి దారం ఆనించి వరస చూసి బిగించాను. మొదటిసారి నడిపిన రాత్రి ఒక పొరపాటు చేశాను. డ్రైవ్‌లో ఆగే సమయం ఒక సెకను పెట్టాను. ఎర్ర బటన్ నొక్కగానే ఇరుసు టక్కున ఆగింది. దాని మర మీద ఎక్కించిన ఫేస్‌ప్లేటు, అంటే కర్రని బిగించే పళ్ళెం, మాత్రం ఆగలేదు, తన జోరుకి తానే మర విప్పుకుని ఊడి షెడ్డు గేటుకి కొట్టుకుంది. దాని దారిలో ఎవరూ లేరు, అదే పుణ్యం. ఇప్పుడు ఎనిమిది సెకన్లు పెట్టాను. మెల్లగా తగ్గుతూ ఆగుతుంది. సన్నటి కీచు శబ్దం ఒకటి వచ్చేది, డ్రైవ్‌లో ఒక సెట్టింగు మారిస్తే అది చాలావరకు తగ్గింది. బాగా తక్కువ వేగంలో ఎక్కువసేపు నడిపితే మోటారు వేడెక్కుతుంది, దాని ఫ్యాను దాని ఇరుసుకే ఉంటుంది కదా. అందుకని నెమ్మది కావాలంటే ముందు బెల్టుని పుల్లీ మెట్టు మారుస్తాను, తర్వాతే డ్రైవ్ మీద వేగం మార్చే నాబ్ తిప్పుతాను.

అన్నీ కుదిరాక అమ్మని కిందికి తీసుకొచ్చాను. ఊరి నుంచి తెప్పించిన అంకుడు కర్ర ముక్క బిగించి ఉంచాను. తెల్లటి కర్ర, వెన్నలా తెగుతుంది. బటన్ ఆవిడనే నొక్కమన్నాను. నొక్కింది. మోటారు మెల్లగా అందుకుంది. అమ్మ తల కొంచెం పక్కకి వంచి వింది.

'ఇంత జోరు ఎందుకురా?' అంది.

నాబ్ చూపించాను. ఇది తిప్పితే తగ్గుతుందమ్మా, నీకెంత కావాలంటే అంత.

నమ్మనట్టు చూసింది. మోటారుకి ఒకటే జోరని ఆవిడ లెక్క. నాబ్ పట్టుకుని కాస్త తిప్పింది. తగ్గింది. ఇంకాస్త తిప్పింది. కర్ర కేసి చూడటం మానేసి, కళ్ళు మూసుకుని, మళ్ళీ ఒక వెంట్రుకవాసి పెంచింది. కుర్చీలో కూర్చుని ఉంది గానీ భుజాలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెం కదులుతున్నాయి. నేను చూస్తున్నానని ఆవిడకి తెలియదు. డ్రైవ్ మీద అంకె 22 దగ్గర ఆగింది.

'ఇదీ' అంది. 'మీ నాన్నకి నేనిచ్చింది ఈ జోరు.'

నేను ఉలి పట్టుకున్నాను. మెడ దగ్గర ఒక గాడి తీసి, చిన్న పిడత ఆకారం తెచ్చాను. వంకరగానే వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు. సంచిలోంచి పసుపు రంగు లక్క పుల్ల తీసి, కొస చూసుకుని, కుర్చీ మిషన్ దగ్గరికి జరుపుకుంది.

'నువ్వు కాస్త తప్పుకో' అంది.